ఓర్పు బండి

పెరట్లో పిల్లల చప్పుడు ఆగిపోయిన సంగతి నాకు వెంటనే తెలియలేదు. కందిపప్పు ఎండబోసి, చేటతో పొట్టు చెరుగుతున్నాను. చేట ఆడుతున్నంత సేపు ఇంకే చప్పుడూ వినిపించదు. అది కింద పెట్టి, కొంగుతో ముఖం తుడుచుకుని తల ఎత్తితే పాత మోటారు బండి పక్కన రెండు జతల చెప్పులు కనిపించాయి. ఒకటి పెద్దదానిది, ఒకటి చిన్నదానిది. మొనలు మోటారు వైపు ఉండేలా వరుసగా విడిచి ఉన్నాయి. మోటారు తలుపు మూసి ఉంది.

ఉన్న ఆ ఒక్క తలుపుకు లోపల పిడి లేదు.

వేసవిలో తాండూరు పెరళ్ళలో పరిచిన బండలు మధ్యాహ్నానికి పెనం లెక్క కాలిపోతాయి. చెప్పులు లేకుండానే వాటి మీద పరిగెత్తాను. బయటి పిడి పట్టుకుంటే అరచేయి చుర్రుమంది. వదలకుండా గుంజాను. రాలేదు. ఒక కాలు రేకుకు తన్నిపెట్టి మళ్ళీ గుంజితే ఊడివచ్చినట్టు వచ్చింది. లోపలి వేడి ఉడుకుతున్న గిన్నె మూత తీసినట్టు ముఖాన కొట్టింది.

పెద్దది చెక్క సీటు మీద నిటారుగా కూర్చుని ఉంది. దానికి ఆరేళ్ళు. చెమటకు జుట్టంతా నెత్తికి అంటుకుపోయింది. పెదవుల మీద వేలు పెట్టుకుంది. నాలుగేళ్ళ చిన్నది దాని ఒళ్ళో తల వాల్చి ఉంది.

"ఎందుకు తీసినవమ్మా?" అంది పెద్దది, గొంతు తడారిపోయి. "చెల్లె ఎప్పుడో ఓడి పండుకున్నది. నేను గెలుస్తుంటి."

చిన్నది పండుకోలేదు. సొమ్మసిల్లిపోయింది.

నీడకు తెచ్చి, తడిబట్ట చుట్టి, చెంచాతో నీళ్ళు పోస్తే కొంతసేపటికి కళ్ళు తెరిచింది. డాక్టరు వచ్చి చూసి, ఫరవాలేదు, చల్లగా ఉంచమన్నాడు. ఇప్పుడు ఇద్దరూ పక్క మంచం మీద నిద్రపోతున్నారు. నేను దీపం తగ్గించి పెట్టుకుని ఇది రాస్తున్నాను. ప్రతి నాలుగు వాక్యాలకు లేచి చిన్నదాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి వస్తున్నాను. అరచేతికి వెన్న రాసి గుడ్డ కట్టడంతో కలం సరిగా నిలవడం లేదు.

పొద్దున పిల్లలకు ఏదో ఒకటి చెప్పాలి. ఆ ఆట ఆడొద్దంటే సరిపోదు. అది వాళ్ళ పెద్దనాయిన నేర్పిన ఆట. ఆయన నేర్పినదాన్ని నేను వద్దంటే, రేపు నేను వంటింట్లో ఉన్నప్పుడు ఆయన మాటే నెగ్గుతుంది.

ఆయన నాకు బావ, మా ఆయనకు అన్న. పోయి పదకొండు నెలలైంది. ముందుగదిలో ఫోటోకు రోజూ దండ మారుతుంది. వచ్చే నెల సంవత్సరీకం. ఈ ఇంట్లో ఆయన గురించి ఒక్క పొల్లు మాట పడనివ్వరు. అనాలని నాకూ లేదు. కానీ ఈ రాత్రి ఆయన్ని తలుచుకోకుండా ఉండలేను.

బావ దేన్నయినా నడిమి వేలి కణుపుతో కొట్టి చూసేవాడు. కుండను కొట్టేవాడు, పుచ్చకాయను కొట్టేవాడు, కొత్తగా పెట్టించిన తలుపును కొట్టేవాడు, ఇంజనునూ అట్లాగే కొట్టేవాడు. కొట్టి, చెవి వంచి, "ఆఁ, చెప్తుంది" అనేవాడు. ఏం చెప్పిందో మాత్రం మాకు ఎప్పుడూ చెప్పలేదు. అన్నం నిలబడే తినేవాడు. కూర్చుంటే పని మర్చిపోతానని భయమట. బస్తీలో ఎవరి లారీ మొరాయించినా ఆయన షెడ్డుకే వచ్చేది. ఎంత పెద్ద రోగమైనా బండి ఓనరుకు దిగులొద్దని చెప్పే మొదటి మాట ఒకటే: "ఫికర్ లేదు." ఇంజను రెండు ముక్కలై వచ్చినా ఫికర్ లేదు. ఆయన చేతి మీద పొగగొట్టం కాలి తోలు ఊడినా ఫికర్ లేదు. ఆ కాలిన రోజు నేను గుమ్మం సందులోంచి చూశాను. మోచేయి కింద ఎర్రగా మాంసం కనిపిస్తుంటే, మా ఆయనతో ఆ ఏటి కంది పంట గురించి మాట్లాడుతున్నాడు.

ఆ మోటారు ఆయన ఒక్కరోజున మొదలుపెట్టింది కాదు. పోలీసు చర్య జరిగిన ఏడు ఆయన వికారాబాదులో ఒక జాగీర్దారు మోటారు తుడిచే పనిలో ఉన్నాడట. ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిపోతూ మోటారును ఆయనకే వదిలేసింది. దాని పై భాగమంతా తుప్పు పట్టి పోయినా ఇంజను మంచిదే. దాన్ని ఎడ్లబండి మీద తాండూరు తెచ్చుకున్నాడు. తర్వాత కొన్నేళ్ళకు సైన్యం పారేసిన జీపు చట్రం దొరికింది. పై రేకు తారు డబ్బాలు కోసి, సుత్తితో సాపు చేసి చేసుకున్నదే. పైన కప్పు కూడా వేశాడు. బండల దుమ్ముకు ఈ ఊళ్ళో కప్పులేని బండిలో మనిషి సాయంత్రానికి సున్నపు బొమ్మ అవుతాడు. రేకు నున్నగా రావడానికి బండలు రుద్దే మనుషులను పిలిపించి, వాళ్ళు బండను రుద్దినట్టే నీళ్ళు చల్లుతూ రాయితో రుద్దించాడు. ఆ మోటారు దేనికని ఎవరైనా అడిగితే "ఉరుకుడుకు" అనేవాడు. ఎక్కేముందు చెప్పులు విడిచేవాడు. ఇంట్లోకి పోయినట్టే పోవాలె అనేవాడు.

ఉరకాలంటే బరువు తగ్గాలి. బరువు తగ్గాలంటే తూట్లు పొడవాలి. చట్రానికి, పెడళ్ళకు, సీటు కింది పట్టీలకు, దేనికి పడితే దానికి బెజ్జాలు పెట్టాడు. చెయ్యి అలవాటై ఒకరోజు వంటింట్లో పప్పు గంటెకు కూడా పెట్టాడు.

"చూసినవా చెల్లె," అని అక్క ఆ గంటెను నా ముందు ఆడించింది. అక్క అంటే ఆయన భార్య, నా తోడికోడలు. "గీ గంటెతోని పప్పు పోస్తే గిన్నెలకు వొచ్చేటాల్లకు ఏమన్న మిగుల్తదా? బరువు తగ్గిందంట! నా మెడల పుస్తెకు బెజ్జం పెట్టకముందే దాసుకోవాలె."

బావ అవతలి గదిలోంచి, "అది పప్పుకు కాదు, అప్పాలకు. నూనె కారిపోవాలెగదా?" అన్నాడు. ఆయన్ని మాటలో ఓడించడం కష్టం.

నా వంతు వచ్చింది ఇంగ్లీషు కాగితంతో. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి అప్పటికి ఆరు నెలలు. బావ ఎదుట పడకూడదు. ఏదైనా అడిగితే తలుపు వెనక నిలబడి జవాబు చెప్పాలి, అదీ పొడుగ్గా కాదు. మా అత్త నా పక్కనే పీట వేసుకుని కూర్చునేది. నా మాట రెండో వాక్యంలోకి పోతే గొంతు సవరించుకునేది. హైదరాబాదులో బి.ఎ. చదివి, డిబేటింగులో పతకాలు తీసుకున్న నేను ఆ గొంతు సవరింపుకు నోరు మూసుకునేదాన్ని.

బొంబాయి పోయివచ్చిన లారీ డ్రైవరు ఎవరో ఆ కాగితం తెచ్చి ఇచ్చాడు. నాలుగు పేజీలు. ఒక పాత విమానాల మైదానంలో పన్నెండు గంటల మోటారు పందెం. సొంతంగా కట్టుకున్న బండి కూడా తేవచ్చు, పేరు అక్కడే రాసుకుంటారు. తలుపు సందులోంచి కాగితం లోపలికి వచ్చింది.

"కాలేజి బిడ్డా, గిది సదువు జర. పైన గా పెద్ద అచ్చరాలల్ల ఏమున్నది?"

"ఎండ్యూరెన్సు పందెం అని ఉంది."

"గంటే ఏంది?"

ఎంతసేపు తట్టుకుంటుందో చూసే పందెం అని చెప్పబోయాను. "అంటే బావా, పన్నెండు గంటల సేపు..." అనేసరికి అత్త గొంతు సవరించింది. నాకు కంగారు పుట్టింది. ఒక్క మాట కావాలి. నోటికి వచ్చిన ఒక్క మాట చెప్పాను.

"ఓర్పు."

తలుపు అవతల వేలి కణుపుతో చెక్క మీద టక్కుమని కొట్టిన చప్పుడైంది.

"ఓర్పు పందెం," అన్నాడు తనలో తాను. "అంటే పరీక్ష, ఇమ్తెహాన్, మనిషికి పెట్టిండ్రన్న మాట. ఎవడు దిగకుంట కూసుంటడో వాడు." తర్వాత గట్టిగా, "చాలు బిడ్డా. అసలు ముచ్చట తెలిసింది. తక్కినయి వాళ్ళ లెక్కలు" అని కాగితం అడిగి తీసుకుని వెళ్ళిపోయాడు. రెండో పేజీ నేను తిప్పనైనా లేదు.

నేను చెప్పింది తప్పని నాకు అప్పుడు తోచలేదు. ఓర్పు అనే మాట తల్లిగారింటి నుంచి వచ్చేటప్పుడు నా పెట్టెలో పెట్టి పంపిన మాట. వచ్చిన ముత్తైదువలందరూ అదే చెప్పారు. అందుకే అంత తొందరగా నోటికి వచ్చి ఉంటుంది.

మరుసటి రోజు నుంచి బావ బండిని ఆ మాట ప్రకారం మార్చడం మొదలుపెట్టాడు. సీటు మీది దూది తీసేసి ఎడ్లబండి చెక్క బిగించాడు. కిటికీలకు అద్దాలు ఎత్తి దించే పని పెట్టకుండా మందపాటి మైకా రేకులు కొట్టేశాడు. డ్రైవరు పక్కన చెయ్యి పట్టేంత చిన్న మూత ఒకటి మిగిల్చాడు. ఆఖరికి లోపలి పిడి విప్పేశాడు.

"లోపట పిడి ఉంటే మనసు దిగుదామంటది," అన్నాడు మా ఆయనతో. "లేకుంటే దానికి ఆలోచనే రాదు."

అది విని అక్క పొయ్యి దగ్గర నుంచే కేకేసింది. "ఓర్పు పందెమైతే నన్ను తోలుమను. పదేండ్ల సంది ఈయనతోని ఏగుతున్న. ఆ గెలుపు కప్పు నాకే ఇయ్యాలె." ఇంట్లో అందరం నవ్వాము. బస్తీలో ఆ మాట పాకి, దానికి ఓర్పు బండి అనే పేరు పడింది.

బావను నేను ఎదురుగా, దగ్గరగా మొదటిసారి చూసిన రోజు ఒకటుంది. అప్పుడు పెద్దది కడుపులో ఉంది. కాన్పుకని వికారాబాదులో మా అమ్మ దగ్గర ఉన్నాను. పందేనికి ముందు బావ ఒక పరీక్ష పెట్టుకున్నాడు. పొద్దు పొడిచినప్పుడు తాండూరులో ఎక్కి, పొద్దు గుంకేదాకా తాండూరు నుంచి వికారాబాదుకు, వికారాబాదు నుంచి తాండూరుకు దిగకుండా తిరగడం. తాండూరులో అక్క పెట్రోలు పోయాలి. వికారాబాదులో మా అమ్మ బండికి నీళ్ళు, ఆయనకు మజ్జిగ ఇవ్వాలి.

మొదటిసారి వచ్చినప్పుడు వీధి వీధంతా బయటికి వచ్చింది. అనంతగిరి మలుపుల్లో చప్పుడు వినిపించినప్పటి నుంచే పిల్లలు కేకలు. అమ్మ మజ్జిగ చెంబు చిన్న మూతలోంచి అందించింది. ఆయన తాగి, మీసం తుడుచుకుని, "మీ బిడ్డ చెప్పిన మాటే అమ్మా, గిదంత" అని నవ్వి పోయాడు. నాకు గర్వంగా అనిపించింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నిజం.

రెండోసారి నవ్వలేదు. మూడోసారి మజ్జిగ సగం మీదే ఒలకబోసుకున్నాడు. నాలుగోసారి వచ్చేసరికి మధ్యాహ్నం దాటి ఎండ వాలింది. ఇంజను ఆపి, కొంతసేపు చెయ్యి బయట పెట్టనే లేదు. అమ్మ చెంబు పట్టుకుని అట్లాగే నిలబడింది.

"దిగు నాయినా. జరసేపు నీడకు కూసో. ఎవలు సూసొచ్చిండ్రు?"

"దిగితే ఇంక ఓర్పు ఏడుంటదమ్మా?" అన్నాడు లోపలి నుంచి.

అక్కడ అత్త లేదు. నేను మా అమ్మ ఇంటి ముందు ఉన్నాను. మెట్లు దిగి వెళ్ళి బయటి పిడి మీద చెయ్యి వేశాను. నా అంతట నేను ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

"బావా, తలుపు తియ్యాల్నా?"

మైకా వెనక నుంచి ఆయన నా వైపు చూశాడు. కళ్ళు ఎర్రగా, పెదవులు పగిలి ఉన్నాయి. తియ్యమంటాడని అనుకున్నాను. తియ్యమనలేదు. వద్దని కూడా అనలేదు.

"ఫికర్ లేదు బిడ్డా," అన్నాడు ఆఖరికి. ఇంజను మళ్ళీ మోగింది. బండి కదిలాకే నేను పిడి వదిలాను.

ఆ రాత్రి తాండూరులో ఆయన్ని ఇద్దరు పట్టుకుని దింపారని, రెండు రోజులు కాళ్ళు చాపలేకపోయాడని తర్వాత తెలిసింది. అది కూడా అక్క చెప్తేనే. ఆయన్ని అడిగితే బండి బాగుందని చెప్పాడు.

ఇంకో నెలకు లారీ మీద మోటారు ఎక్కించి అన్నదమ్ములిద్దరూ పందేనికి పోయారు. వారానికి తిరిగి వచ్చారు. వాన పడ్డదనీ, పందెం ఆగిపోయిందనీ చెప్పారు. నాకప్పుడు పురిటి రోజులు, పెద్దది ఒళ్ళో ఉంది. పాపం, అంత కష్టపడ్డ మనిషికి వాన అడ్డు పడ్డదని అనుకున్నాను. తర్వాత చాలాసార్లు, చినుకు పడితే చాలు, "మీ పందెం వాన వచ్చింది" అని మా ఆయనను ఆటపట్టించేదాన్ని. ఆయన లేచి అవతలికి పోయేవాడు.

తర్వాత ఆ బండి ఏ పందేనికీ పోలేదు. బావ నెలకొకసారి తుడిచి, ఇంజను తిప్పి, మళ్ళీ గోనెపట్టా కప్పేవాడు. వాళ్ళకు పిల్లలు లేరు. మా పిల్లలు నడక నేర్చినప్పటి నుంచి షెడ్డే వాళ్ళ ఇల్లు. అక్కడే ఆ ఆట పుట్టింది. చెప్పులు విడిపించి, ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి తలుపు వేసేవాడు. ఎవరు ముందు తియ్యమని అరిస్తే వాళ్ళు ఓడినట్టు. గెలిచినవాళ్ళకు పుట్నాలు, బెల్లం, ఓడినవాళ్ళకూ అవే. నేను ఒకసారి చూసి భయపడితే, "నేను ఈడనే ఉన్న గదా" అన్నాడు. నిజమే. బయట గొంతుక్కూర్చుని, ఒక చెయ్యి ఎప్పుడూ పిడి మీదే ఉంచేవాడు. ఆట అయ్యేదాకా ఆ చెయ్యి తీయడం నేను చూడలేదు. కానీ లోపల ఉన్న పిల్లలకు ఆ చెయ్యి కనిపించదు. వాళ్ళు నేర్చుకున్నది అరవకూడదన్న ఒక్క సంగతే.

పోయినేడు వేసవిలో ఆయనకు కడుపునొప్పి వచ్చింది. ఎప్పుడు వచ్చిందో మాకు ఎవరికీ తెలియదు. ఒకరోజు అక్క టీ ఇచ్చి రమ్మంటే షెడ్డుకు పోయాను. మోకాళ్ళు ఛాతీకి ఆనించుకుని గోడకు ఆని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడమే వింత. అడిగాను.

"నడుము పట్టింది. ఫికర్ లేదు బిడ్డా."

నేను టీ గ్లాసు పక్కన పెట్టి వచ్చేశాను. మూడో రోజుకు వికారాబాదు దవాఖానకు తీసుకుపోయారు. ఎన్ని రోజుల నుంచి నొప్పి అని డాక్టరు అడిగితే అక్క నా ముఖం చూసింది, నేను మా ఆయన ముఖం చూశాను. ఆ రోజు పొద్దు గుంకే ముందే ఆయన పోయాడు.

దినాలు అయినాక అక్క వాళ్ళ అన్న ఇంటికి వెళ్ళింది. షెడ్డు ఖాళీ చేసి, ఎడ్లతో లాగించి ఈ మోటారును మా పెరట్లో పెట్టారు. ఆ సాయంత్రం దానికి గోనెపట్టా కప్పుతూ మా ఆయన కూలబడి ఏడ్చాడు. అప్పుడు బయటపెట్టాడు. పందెం నాడు వాన పడలేదు.

మైదానంలో బండ్లను చూసే మనిషి రెండో డ్రైవరు ఎవరని అడిగాడట. ఒక్కన్నే అని బావ గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడట. అతను నవ్వి, "మియా, ఇమ్తెహాన్ ఆద్మీ కా నహీ, గాడీ కా హై" అన్నాడట. పరీక్ష మనిషికి కాదు, బండికి. ప్రతి బండికీ ఇద్దరు ముగ్గురు డ్రైవర్లు. ఒకరు అలిసిపోతే దిగుతారు, ఇంకొకరు ఎక్కుతారు. మా ఆయన నడపడం రాకపోయినా తాను రెండోవాడినవుతానన్నాడట. ఈలోగా అతను లోపలికి చెయ్యి పెట్టి పిడి కోసం వెతికాడు. నిప్పంటుకుంటే ఎట్లా దిగుతావని అడిగాడు.

"ఎవలన్న తీస్తరు," అన్నాడట బావ.

అతను మళ్ళీ నవ్వలేదట. బండిని పక్కకు పెట్టమన్నాడు. బావ ఎవరి దగ్గరో ఆకురాయి అడిగి తెచ్చి, గంటలో పిడి బిగించాలని చూశాడు, కుదరలేదు. పందెం మొదలైంది. పన్నెండు గంటలూ కంచె పట్టుకుని నిలబడే చూశాడట. దిగేవాళ్ళను, ఎక్కేవాళ్ళను. తిరిగి వస్తూ లారీలో తమ్ముడితో ఒకటే మాట అన్నాడు: "గా పిల్లకు చెప్పకు. సదువుకున్న పిల్ల, మనసు చిన్నబుచ్చుకుంటది. వానొచ్చిందని చెప్పు."

అది విన్నప్పుడు నాకు సరైన మాట తోచింది. మన్నిక. బట్టల దుకాణంలో ప్రతిసారీ అడిగే మాటే. ఈ చీర మన్నుతుందా, ఈ గుడ్డ ఎన్నేళ్ళు మన్నుతుంది అని. వస్తువుకు మన్నిక, మనిషికి ఓర్పు. బండి మన్నిక పందెం అని చెప్పి ఉంటే ఆయన దూది సీటు తీసేవాడు కాదు, తమ్ముడికి కూడా నడపడం నేర్పేవాడు, పిడి ఉంచేవాడు. అప్పుడు నాకు ఆ మాట ఎంత వెతికినా దొరికేది కాదేమో. తలుపు వెనక నిలబడ్డ కోడలికి ముందుగా దొరికేది ఓర్పే.

మరి తిరిగి వచ్చాకైనా పిడి ఎందుకు పెట్టలేదు? ఇన్ని నెలలు నాకు అర్థం కాలేదు. ఈ రాత్రి అర్థమవుతూ ఉంది. పెడితే, "ఎందుకు పెట్టినవ్ బావా?" అని నేను అడిగేదాన్ని. అడిగితే చెప్పాలి. నన్ను చిన్నబుచ్చకూడదని అయిదేళ్ళు ఆ తలుపును అట్లాగే ఉంచాడు. ఆ తలుపు వెనకే ఇవాళ నా బిడ్డలు కూర్చున్నారు.

ఆయన మీద కోపం రావడం లేదు. రాకపోవడమే నన్ను భయపెడుతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, "ఏం బిడ్డా, గిట్ల తప్పు చెప్తివి" అని ఉంటే నేను రెండు రోజులు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ తలుపుకు పిడి ఉండేది.

సాయంత్రం మా ఆయన వచ్చాడు. చిన్నదాన్ని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాడు. ఆ తలుపు రేపే ఊడబీకించమన్నాను.

"సంవత్సరీకం దాక ఉండనీ. ఆ రోజు బండికి గూడ దండ వెయ్యాలనుకున్న."

"దండ ఫోటోకు వెయ్యొచ్చు."

"అన్న ఏం జేసిండు? పిల్లలు ఆడుకున్నరు. నువ్వే జర కన్నేసి ఉంచాలె."

నేను ఇంకో మాట అనబోయాను. లోపలి గదిలో అత్త గొంతు సవరించింది. ఆమెకు ఇప్పుడు కళ్ళు కనిపించవు, చెవులు మాత్రం అట్లాగే ఉన్నాయి. నేను ఆగిపోయాను. ఏడేళ్ళ కాపురం, ఇద్దరు పిల్లలు, కాలిన చెయ్యి, అయినా ఆగిపోయాను. మా ఆయన వెళ్ళి మోటారు చుట్టూ తాడు కట్టి వచ్చాడు. తాడు ముడి ఆరేళ్ళ పిల్ల విప్పగలదు. పెద్దది నిద్రపోయేముందు నా చెవిలో అడిగింది: "అమ్మా, నేను అరవలే గదా. పెద్దనాయిన సూస్తే ఏమంటుండె?"

దానికి ఏం చెప్పాలో తెలియకే ఇదంతా రాయడం. ఇప్పుడు కూడా తెలియదు. చిన్నది కదిలింది, చూసి వస్తాను.

మిగిలింది తెల్లవారాక రాస్తున్నాను.

పొద్దున పిల్లలు లేచేసరికి ఇంకా ఎండ రాలేదు. చిన్నది ఆకలి అని ఏడ్చింది. ఆ ఏడుపు ఎంత హాయిగా వినిపించిందో చెప్పలేను. ఇద్దరినీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకుని జొన్నరొట్టె పెట్టాను. పెద్దది రొట్టె తుంచుతూ, "నిన్న ఎవలు గెలిచిండ్రమ్మా?" అంది.

"ఎవలు గెలవలే," అన్నాను. "మీ పెద్దనాయినకు ఆ ఆట నేనే తప్పు చెప్పిన. పెద్దనాయిన మంచోడు, నేను చెప్పింది నమ్మిండు. అసలు ఆట అది కాదు."

రెండూ నా ముఖం చూశాయి. అమ్మ తప్పు చెప్పడం వాళ్ళకు కొత్త.

"అసలు ఆటల ఒకరు అలిసిపోతే దిగుతరు, ఇంకొకరు ఎక్కుతరు. తలుపు రాకుంటే అరవాలె. ఉబ్బరమైతే అరవాలె. కడుపుల నొచ్చినా, కాలినా, భయమైనా అరవాలె. ముందుగాల ఎవరు అరుస్తరో వాళ్ళు గెలిచినట్టు."

"మరి పెద్దనాయిన ఎందుకు అరవలే?"

"అరవాలని ఆయనకు ఎవరూ చెప్పలే బిడ్డా. నాకు గూడ ఎవరూ చెప్పలే. నేను మీకు చెప్తున్న."

పెద్దది లోపలి గది వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది. "అరిస్తే నానమ్మ కోప్పడితే? నాయిన కొడితే?"

గది లోపల గొంతు సవరించుకున్న చప్పుడు వినిపించింది. ఈసారి నేను గొంతు తగ్గించలేదు.

"అప్పుడు నీకంటె గట్టిగ నేను అరుస్త," అన్నాను.